ఉపాధి పనుల విధానంలో కూలీల ఆరోగ్యాన్ని చేర్చడం ఎలా

గ్రామీణ ఉపాధి హామీ గురించి మాట్లాడేటప్పుడు పనిదినాల సంఖ్య, రోజు కూలి, బకాయిల చెల్లింపు ప్రస్తావనకు వచ్చినంతగా కూలీల ఆరోగ్యం రాదు. వేసవిలో వడదెబ్బ మరణం వార్తకెక్కినప్పుడు ఒక వైద్య శిబిరం పెడతారు, నాలుగు ఓఆర్ఎస్ ప్యాకెట్లు పంచుతారు, ఎండలో జాగ్రత్తగా ఉండమని ప్రకటన చేస్తారు. వీటిలో ఏదీ తప్పు కాదు, అయితే ఇవన్నీ పథకానికి బయట జరిగే పనులు. పథకం లోపల, అంటే పని అంచనాలో, కొలతల పుస్తకంలో, మస్టరులో (కూలీల హాజరు పట్టీలో), కూలి లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌లో ఆరోగ్యానికి చోటు లేనంత కాలం శిబిరాలు ఎన్ని పెట్టినా మరుసటి రోజు కూలీ అదే ఎండలో అదే గుంత తవ్వవలసి వస్తుంది. పంచాయతీరాజ్ అధికారులు, సర్పంచులు, ఉపాధి సిబ్బంది, కూలీ సంఘాల కార్యకర్తలు ఆ లోపలి చోట్లలో ఏమి మార్చాలో, ఏ వరుసలో మార్చాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ఈ పనికి ఇది సరైన సమయం కూడా. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీకి ఆధారమైన 2005 చట్టం స్థానంలో 2025 డిసెంబరులో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. కుటుంబానికి ఏడాదికి 125 రోజుల పని హామీ ఇచ్చే ఈ చట్టానికి అనుగుణంగా రాష్ట్రాలు తమ పథకాలను రాసుకోవలసి ఉంది. విత్తే కాలంలోనూ కోత కాలంలోనూ ఏడాదికి 60 రోజుల వరకు పనులు నిలిపివేసే వీలు కూడా ఇందులో ఉంది. రైతుకు కూలీల కొరత రాకూడదన్నది దాని ఉద్దేశం. ఆరోగ్యం వైపు నుంచి చూస్తే దాని ఫలితం వేరుగా కనిపిస్తుంది. ఖరీఫ్, రబీ పనుల రోజుల్లో ఉపాధి పనులు ఆగితే ఎండాకాలం మీద భారం మరింత పెరుగుతుంది. మన రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికే ఉపాధి పనులు ఎక్కువగా మార్చి నుంచి జూన్ మధ్యే నడుస్తున్నాయి కనుక, కొత్త పథకం రాసేవారు ముందుగా ఎండనే లెక్కలోకి తీసుకోవాలి.

మొదట చూడవలసింది కూలి లెక్క

2005 చట్టం రెండవ షెడ్యూలు పని ప్రదేశంలో మంచినీరు, నీడ, విశ్రాంతి, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని స్పష్టంగా చెప్పింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఏ వేసవిలోనైనా ఏ చెరువు పూడికతీత పని దగ్గరికి వెళ్లినా ఈ నాలుగూ కలిసి కనిపించడం అరుదు. దీనికి సిబ్బంది నిర్లక్ష్యమే కారణమని చాలామంది అంటారు. అది కొంతవరకే నిజమని నా అభిప్రాయం. కూలి, తవ్విన మట్టి పరిమాణాన్ని బట్టి వస్తుంది. నీడలో కూర్చున్న ప్రతి పావుగంటా కొలతలో తగ్గుతుంది, కొలతలో తగ్గింది కూలిలో తగ్గుతుంది. అందుచేత పందిరి వేసినా అందులో కూర్చునేవారు ఉండరు, కూర్చునేవారు లేని పందిరిని మరుసటి వారం ఎవరూ వేయరు.

దీనికి తోడు కొలత సాధారణంగా గుంపు మొత్తానికి కలిపి తీస్తారు, వచ్చిన మొత్తాన్ని హాజరును బట్టి పంచుతారు. గుంపులో ఒకరు గర్భిణి అయినా, క్షయ మందులు వాడుతున్నా, మోకాళ్ల నొప్పులతో ఉన్నా ఆమె తవ్వలేని మట్టిని మిగిలినవారు తవ్వాలి, లేదా అందరి కూలీ తగ్గాలి. ఎవరూ ఆమెను పనికి రావద్దని ముఖం మీద అనరు. మర్నాడు ఉదయం పిలవడం మానేస్తారు, అంతే. అధికారుల లెక్కల్లో అది పని అడగని కుటుంబంగా నమోదవుతుంది.

కాబట్టి మొదటి అడుగు పని రేట్ల పట్టికను సవరించడం. అనుభవజ్ఞులైన ఇంజనీర్లు, వైద్యాధికారి, కూలీల ప్రతినిధులు కలిసి వేర్వేరు నేలల్లో, వేర్వేరు నెలల్లో పనిని గడియారం పెట్టి గమనించాలి. ఎర్ర దుబ్బ నేలలో జనవరిలో తవ్వగలిగినంత మట్టిని, ఎండిపోయిన నల్లరేగడి చెరువులో మే నెలలో తవ్వమనడం కూలి కోతతో సమానం. పాత చట్టం మొదటి షెడ్యూలు స్త్రీలకు, వృద్ధులకు, వికలాంగులకు, శరీరాన్ని కుంగదీసే జబ్బులతో ఉన్నవారికి వేరే రేట్ల పట్టిక ఉండాలని చెప్పింది. ఎనిమిది గంటల పనిలో ఒక గంట విశ్రాంతి కలిసి ఉండాలని కూడా చెప్పింది. ఆ విశ్రాంతి గంట రేటు లెక్కలో నిజంగా ఉందా లేదా అన్నది కాగితం మీద కాకుండా కొలతల్లో పరిశీలించాలి. విశ్రాంతి తీసుకున్న గుంపుకు కూడా పూర్తి కూలి పడితేనే అది ఉన్నట్టు.

రెండవ మాట, తగ్గింపు వ్యక్తికి కాకుండా గుంపు కొలతకు వర్తించాలి. ఇరవై మంది గుంపులో ముగ్గురికి తేలిక పని అర్హత ఉంటే ఆ ముగ్గురి వాటా మేరకు గుంపు తవ్వవలసిన పరిమాణం తగ్గాలి. అప్పుడు బలహీనులు గుంపుకు బరువు కారు, వారిని పక్కన పెట్టవలసిన అవసరం ఎవరికీ ఉండదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగులకు ప్రత్యేక శ్రమశక్తి సంఘాలు (ఉపాధి కూలీల గుంపులు) ఏర్పాటు చేసి, ఏడాదికి 150 రోజుల పని, తక్కువ పరిమాణానికి పూర్తి కూలి కల్పించిన అనుభవం మనకు ఉంది. ప్రత్యేక సంఘం వల్ల గౌరవం, లెక్కలో స్పష్టత వస్తాయి. అయితే ఒక ఊళ్లో ఇద్దరో ముగ్గురో మాత్రమే ఉన్నప్పుడు వేరే సంఘం నడవదు, అక్కడ మామూలు గుంపులోనే తగ్గింపు ఇవ్వడం మేలు. రెండు పద్ధతులకూ ఉత్తర్వులో వీలు ఉంచాలి.

ఎండను బట్టి పరిమాణం, ఎండను బట్టి వేళ

ఉమ్మడి రాష్ట్రంలో మొదలై విభజన తర్వాతా రెండు రాష్ట్రాల్లో కొనసాగిన వేసవి భత్యం ఈ విషయంలో మనకున్న మంచి నమూనా. ఫిబ్రవరిలో 20 శాతం, మార్చిలో 25 శాతం, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం, జూన్‌లో 20 శాతం చొప్పున పని విలువకు కలిపేవారు. ఉదాహరణకు ఒక నేలలో పూర్తి కూలికి 2 ఘనపు మీటర్ల మట్టి తవ్వాలనుకుంటే, 30 శాతం భత్యం కలిసినప్పుడు సుమారు 1.54 ఘనపు మీటర్లు తవ్వితే అదే కూలి వస్తుంది. చూడడానికి ఇది కూలి పెంపులా కనిపించినా, అసలు ప్రయోజనం శరీరం మీద పడే భారాన్ని తగ్గించడం. రాష్ట్ర సాఫ్ట్‌వేర్ నుంచి కేంద్ర సాఫ్ట్‌వేర్‌కు మారిన తర్వాత ఈ భత్యం కూలీలకు అందకుండా పోయింది. ఎవరూ దాన్ని చెడ్డదని వాదించలేదు, కొత్త లెక్కలో దానికి చోటు లేకపోవడమే కారణం. విధానం రాసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఇదే: ఉత్తర్వులో రాసిన ప్రతి ఆరోగ్య నిబంధనకు సాఫ్ట్‌వేర్‌లో ఒక గడి ఉండాలి. గడి లేని నిబంధన మస్టరు ముగిసే రోజున లేనట్టే లెక్క.

భత్యాన్ని నెలలకు మాత్రమే ముడిపెట్టడం ఒకప్పుడు సరిపోయింది. ఇప్పుడు రోజువారీ హెచ్చరికలు మండలాల వారీగా అందుబాటులో ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ వడగాడ్పుల మండలాల జాబితాను ముందురోజే ప్రకటిస్తోంది. కాబట్టి నెలవారీ తగ్గింపును కనీసంగా ఉంచి, తీవ్ర వడగాడ్పుల హెచ్చరిక ఉన్న రోజున అదనపు తగ్గింపు దానంతటదే వర్తించేలా రాయాలి. ఎంపీడీవో ప్రత్యేకంగా ఆదేశం ఇస్తేనే అమలయ్యేలా రాస్తే, ఆ ఆదేశం వచ్చేసరికి ఎండ తగ్గిపోతుంది. భారత వాతావరణ శాఖ మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 డిగ్రీలు ఉన్నప్పుడు, సాధారణం కంటే ఎంత ఎక్కువగా ఉందో చూసి వడగాడ్పులను ప్రకటిస్తుంది. తీరానికి తక్కువ అంకె పెట్టడానికి కారణం ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కాకినాడ వైపు 37 డిగ్రీలను అనంతపురం వైపు 42 డిగ్రీలతో పోల్చి తేలికగా తీసుకోకూడదు.

పని వేళల విషయానికి వస్తే, వేసవిలో ఉదయం ఆరుకు మొదలుపెట్టి పదిన్నర, పదకొండు గంటలకు ముగించడం మన ఊళ్లలో ఇప్పటికే అలవాటు. దీనికి అడ్డు వస్తున్నది హాజరు పద్ధతి. 2023 జనవరి 1 నుంచి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప మిగిలిన అన్ని పనులకు మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫోటోతో హాజరు తప్పనిసరి అయింది. మొదటి ఫోటోకు, రెండో ఫోటోకు మధ్య నాలుగు గంటల వ్యవధి ఉండాలి. సిగ్నలు లేక మొదటి ఫోటో ఎనిమిదికి పడితే, పని పూర్తయిన కూలీలు కూడా రెండో ఫోటో కోసం పన్నెండు వరకు చెట్టు లేని గట్టు మీద నిలబడాలి. దొంగ హాజరును అరికట్టడానికి పెట్టిన నిబంధన కూలీని మిట్టమధ్యాహ్నం ఎండకు అప్పగిస్తున్నది. వడగాడ్పుల హెచ్చరిక రోజుల్లో రెండో ఫోటో వ్యవధిని తగ్గించడమో, సిగ్నలు లేని చోట తీసిన సమయాన్నే ఫోన్ నమోదు చేసి తర్వాత పంపే వీలు ప్రతి చోటా నిజంగా పనిచేసేలా చూడడమో రాష్ట్రం కోరాలి.

కొత్తగా పనిలో చేరినవారి విషయం చాలా ఉత్తర్వుల్లో కనిపించదు. శరీరం ఎండలో కష్టానికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. వడదెబ్బ తగిలేవారిలో చాలామంది మొదటి కొద్ది రోజుల్లోనే పడిపోతారు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం కొత్తవారు మొదటి రోజు పూర్తి పనిలో ఐదో వంతు మాత్రమే చేసి, రోజుకు అంతే చొప్పున పెంచుకుంటూ పోవాలి. అలవాటున్నవారు కొంత విరామం తర్వాత తిరిగి వస్తే సగంతో మొదలుపెట్టాలి. మన కూలీలు రబీ కోతల తర్వాత కొన్ని వారాలు ఇంటి దగ్గర ఉండి ఏప్రిల్‌లో ఒక్కసారిగా పూడికతీతకు వస్తారు. వలస నుంచి తిరిగి వచ్చేవారూ అదే సమయానికి వస్తారు. వేసవిలో తీసే మొదటి వారం మస్టరుకు గుంపు పరిమాణాన్ని అదనంగా తగ్గిస్తే ఈ సూచన మనకు సరిపడే రూపంలో అమలైనట్టే.

నీరు, నీడ, చాటు

నీటికి ఉత్తర్వు రాసేటప్పుడు తాగునీటి సౌకర్యం కల్పించాలి అని వదిలేయకూడదు. ఎండలో మట్టి పని చేసే మనిషి పావుగంటకోసారి ఒక గ్లాసు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు తాగాలి. ఆ లెక్కన నాలుగున్నర గంటల పనికి మనిషికి నాలుగు లీటర్లు మించుతుంది, నలభై మంది గుంపుకు 170 లీటర్లు దాటుతుంది. ఒక బిందె, ఒక గ్లాసు పెట్టి ఫోటో తీసిన చోట ఎవరికీ గొంతు కూడా తడవదు. నీళ్లు మోసే మనిషిని మస్టరులో నీళ్ల పనికే చూపించి, ఆ కూలిని గుంపు కొలత నుంచి మినహాయించాలి. పాత నిబంధనలు ఈ పనికి వికలాంగులకు, వృద్ధులకు ప్రాధాన్యం ఇవ్వాలన్నాయి. అయితే వంద లీటర్లకు పైగా నీటిని గట్టు ఎక్కించి మోయడం తేలిక పని కాదు కనుక బండి ఏర్పాటు చేయకుండా ఆ పని వారికి ఇవ్వకూడదు.

ఏ నీరు అన్నది మరో ప్రశ్న. నల్గొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వంటి ఫ్లోరైడ్ పీడిత ప్రాంతాల్లో పని పక్కనున్న బోరు నీటిని ఎండలో లీటర్ల కొద్దీ తాగించడం మేలు చేయదు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని, వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారత ప్రమాణం చెబుతోంది. అలాంటి ఊళ్లలో శుద్ధి చేసిన నీటిని తెప్పించే ఖర్చు పని అంచనాలోనే ఉండాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎందరినో పొట్టన పెట్టుకుంది. దానికి ఒకే కారణమని ఇంతవరకు తేలలేదు. ఎండలో నీరు తగ్గిన శరీరంతో ఏళ్ల తరబడి కష్టం చేయడం అనుమానించిన కారణాల్లో ఒకటి. మధ్య అమెరికాలోని నికరాగ్వా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో ఇటువంటి వ్యాధే కనిపించినప్పుడు అక్కడ నీరు, విశ్రాంతి, నీడ మూడింటినీ కలిపి పని విధానంలో పెట్టారు. కారణం పూర్తిగా తేలేవరకు ఆగనవసరం లేని జాగ్రత్త ఇది.

ఇక్కడే నొప్పి మాత్రల సంగతి చెప్పాలి. సాయంత్రం నడుం నొప్పికి ఊళ్లో దొరికే డైక్లోఫెనాక్ మాత్రో ఇంజెక్షనో తీసుకుని మర్నాడు పనికి రావడం మట్టి పనివారిలో ఎంత మామూలో అందరికీ తెలుసు. నీరు తగ్గిన శరీరంలో ఈ తరహా మందులు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ప్రథమ చికిత్స పెట్టెలో వీటిని ఉంచకూడదు. ఆశా కార్యకర్త పని ప్రదేశానికి వచ్చిన రోజున ఈ ఒక్క విషయం చెప్పినా ప్రయోజనం ఉంటుంది.

నీటి గురించి ఇంత రాసి చాటు గురించి రాయకపోతే ఆ రాత వృథా. పని ప్రదేశంలో కూలీల్లో సగానికి పైగా స్త్రీలే. చెరువు మధ్యలో మరుగు ఉండదు కనుక వారు ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచి నీళ్లు తాగకుండా ఓర్చుకుంటారు. ఆ ఓర్పు మూత్రకోశ ఇన్ఫెక్షన్లుగా, వడదెబ్బగా బయటపడుతుంది. పాత షెడ్యూలు చెప్పిన సౌకర్యాల్లో మరుగు లేదు, కొత్త పథకంలో అది చేర్చాలి. పెద్ద ఖర్చు కాదు: నాలుగు కర్రలు, ఒక టార్పాలిన్, ఒక చిన్న గుంత, పని ముగిసిన తర్వాత దాన్ని మట్టితో పూడ్చడం చాలు. నెలసరి సమయంలో కూడా స్త్రీలు పని మానకుండా ఉండడానికి ఇది అవసరం.

నీడ విషయంలో ఒక దుర్ఘటనను మరిచిపోకూడదు. 2019 ఏప్రిల్ 10న నారాయణపేట జిల్లా మరికల్ మండలం తీలేరులో విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధి కూలీల మీద మట్టిదిబ్బ కూలి పది మంది స్త్రీలు చనిపోయారు. ఎండలో వేరే నీడ లేనప్పుడు మనిషి దిబ్బ పక్కకో, తవ్విన గోడ కిందికో చేరుతాడు. అందుచేత ప్రతి పని అంచనాకు ముందు టెక్నికల్ అసిస్టెంట్ రెండు విషయాలు రాసి సంతకం పెట్టాలి: నీడ ఎక్కడ ఉంది, కూర్చోకూడని చోటు ఏది. నిటారుగా గోడలు వచ్చేలా తవ్వకుండా మెట్లు మెట్లుగా తవ్వాలన్నది కూడా అదే కాగితం మీద ఉండాలి. చుట్టూ చెట్టు లేకపోతే, పందిరికి టార్పాలిన్, కర్రలు సంఘానికి ఒకసారి ఇచ్చి వారి దగ్గరే ఉంచడం, ప్రతి పనికీ కొత్తగా మంజూరు కోసం ఎదురుచూడడం కంటే మెరుగు.

పిల్లల విషయం క్లుప్తంగా. పని దగ్గరికి ఐదుగురు లేదా అంతకు మించి చిన్నపిల్లలు వస్తే వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని పెట్టి ఆమెకు మామూలు కూలి ఇవ్వాలన్న నిబంధన మంచిదే. అంగన్‌వాడీ వేళలను వేసవిలో పని వేళలతో కలిపితే చాలా ఊళ్లలో దీని అవసరమే రాదు.

తేలిక పని చీటీ

ఎవరికి తేలిక పని ఇవ్వాలన్నది మేటు (గుంపు పనిని పర్యవేక్షించే మనిషి) కంటిచూపుకు వదిలేయకూడదు, అలాగని జిల్లా ఆసుపత్రి ధ్రువపత్రం తెమ్మనీ అనకూడదు. వైకల్య ధ్రువపత్రాలిచ్చే సదరం శిబిరానికి తేదీ దొరికేసరికి పని కాలం ముగిసిపోతుంది. బ్రిటన్‌లో 2010లో పాత అనారోగ్య సెలవు పత్రం స్థానంలో కొత్త పత్రం తెచ్చారు. పనికి తగడు అని రాయడంతో పాటు, ఫలానా మార్పులు చేస్తే పని చేయగలడు అని రాసే వీలు అందులో ఉంది. 2022 నుంచి వైద్యులే కాక నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు కూడా దాని మీద సంతకం పెట్టవచ్చు. ఆ ఆలోచన మన పల్లెకు సులభంగా సరిపోతుంది. ఏఎన్ఎం గానీ, పల్లె దవాఖానాలో లేదా గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఉండే నర్సింగ్ సిబ్బంది గానీ ఒక చీటీ ఇవ్వాలి. ఆ చీటీలో మూడు విషయాలు ఉంటే సరిపోతుంది: తవ్వడం, బరువు మోయడం, ఎండలో ఎక్కువసేపు ఉండడంలో ఏది వద్దో, ఎంత కాలం వద్దో, తిరిగి ఎప్పుడు చూపించుకోవాలో.

జబ్బు పేరు చీటీ మీద ఉండకూడదు. క్షయ అని రాసిన కాగితం మేటు చేతికి వెళ్తే ఆ కూలీ మరుసటి రోజు నుంచి వేరే బిందె నీళ్లు తాగవలసి వస్తుంది. హెచ్ఐవీ గురించి చెప్పనే అక్కర్లేదు. మస్టరులో సంకేత అంకె ఒక్కటి చాలు, దాని వెనక ఏముందో ఆరోగ్య సిబ్బంది దగ్గరే ఉండాలి.

గర్భిణులకు, బాలింతలకు ఇంటికి దగ్గరగా, తక్కువ శ్రమతో కూడిన పనులు గుర్తించాలని పాత మార్గదర్శకాలే చెప్పాయి. అలాంటి పనుల జాబితాను గ్రామసభలోనే ముందుగా రాసుకోవాలి, లేకపోతే చీటీ ఉన్నా ఇవ్వడానికి పని ఉండదు. నర్సరీలో సంచులు నింపడం, మొక్కలకు నీరు పోయడం, రోడ్డు పక్క మొక్కల సంరక్షణ, పిల్లల సంరక్షణ, మేటు బాధ్యత, హాజరు నమోదు ఇందుకు పనికివస్తాయి. ప్రతి ఊరి వార్షిక పనుల జాబితాలో కొంత శాతం పనిదినాలు ఇలాంటి వాటికి కేటాయించాలన్న నిబంధన రాష్ట్ర పథకంలో ఉండాలి. ఈ శాతాన్ని ఊరిలోని వృద్ధుల, వికలాంగుల, గర్భిణుల సంఖ్యను బట్టి పంచాయతీ నిర్ణయించుకోవడం మేలు, రాష్ట్రమంతటికీ ఒకే అంకె పెట్టకూడదు.

చీటీ అడిగినవారికే కాక అడగనివారికీ అందాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. గుంపులో పార పట్టిన స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువతోనే తట్టలు మోస్తున్నారని దీని అర్థం. పని సీజను మొదలయ్యే ముందు, అంటే ఫిబ్రవరిలో, జాబ్ కార్డుల జాబితా పట్టుకుని ఏఎన్ఎం, ఆశా కలిసి హిమోగ్లోబిన్, బీపీ, షుగరు చూడడం పెద్ద పని కాదు. ఈ పరీక్షలు ఆరోగ్య శాఖ ఎలాగూ చేస్తున్నవే, వాటి తేదీని ఉపాధి సీజనుకు ముడిపెట్టడమే మనం కోరేది. బీపీకి మూత్రం ఎక్కువ పోయేలా చేసే మందులు వాడేవారికి ఎండ ముప్పు ఎక్కువ, వారికి ఆ సంగతి ముందే చెప్పాలి. పరీక్ష ఫలితం చూపి ఎవరికీ పని నిరాకరించకూడదన్నది ఉత్తర్వులో తప్పక రాయవలసిన వాక్యం. అది లేకపోతే జనం పరీక్షకే రారు, వారి అనుమానం న్యాయమైనదే.

హాజరు వివరాలు కూడా ఆరోగ్య సమాచారమే. నిరుడు అరవై రోజులు పనికి వచ్చిన కుటుంబం ఈ ఏడాది ఒక్క రోజూ రాకపోతే వలస పోయి ఉండవచ్చు, వేరే పని దొరికి ఉండవచ్చు, ఎవరో మంచాన పడి ఉండవచ్చు. అలాంటి కుటుంబాల జాబితాను నెలకోసారి ఫీల్డ్ అసిస్టెంట్ ఆశా కార్యకర్తకు ఇస్తే ఆమె ఒకసారి గడప తొక్కి వస్తుంది.

ప్రమాదం జరిగినప్పుడు

వడదెబ్బ గుర్తులు మేటుకు నేర్పాలి. తల తిరుగుడు, వాంతి, కండరాల పట్టేత మొదటి దశ, అప్పుడే నీడకు చేర్చి నీళ్లు, ఓఆర్ఎస్ తాగించాలి. మాట తడబడడం, మనిషిని గుర్తుపట్టకపోవడం, స్పృహ తప్పడం కనిపిస్తే అది ప్రాణాపాయం. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేలోపు ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. ముందు చల్లబరచి తర్వాత తరలించాలన్నది వైద్యుల మాట. మన ఊళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఆటో కోసం వెతకడంలోనే సమయం పోతుంది. పామును, తేలును కూడా మేటు శిక్షణలో చేర్చాలి, వేసవిలో ఎండు గడ్డి తొలగించే పనుల్లో ఇవి ఎదురవుతాయి.

పనిలో గాయపడినవారికి ఉచిత చికిత్స, ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులు కూలి రేటులో సగానికి తగ్గకుండా దినభత్యం పాత చట్టం ఇచ్చిన హక్కులు. 2025–26లో మన రెండు రాష్ట్రాల్లో కూలి రేటు 307 రూపాయలు, కాబట్టి ఆ భత్యం రోజుకు కనీసం 153 రూపాయల 50 పైసలు. మరణం లేదా శాశ్వత వైకల్యం సంభవిస్తే పరిహారం వేరుగా ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి మరణానికి నాలుగు లక్షల రూపాయల సాయం నిర్ణయించింది. ఈ డబ్బులన్నింటికీ అడ్డు కాగితాలే. పని దగ్గర పడిపోయిన మనిషి ఇంటికి చేరి ఆ రాత్రి చనిపోతే అది వడదెబ్బ అని రుజువు చేయడం కష్టమవుతుంది. అందుకే మేటు దగ్గర ప్రమాదాల రిజిస్టరు ఉండాలి. ఎవరు, ఏ సమయంలో, ఏ లక్షణంతో పని ఆపారో అదే రోజు రాసి ఇద్దరు తోటి కూలీల సంతకాలు తీసుకోవాలి. కుటుంబం తరఫున దరఖాస్తు పెట్టే బాధ్యత ఎంపీడీవో కార్యాలయానిదే అని రాయాలి. ఇంటి పెద్దను పోగొట్టుకున్న ఆడమనిషిని పోస్టుమార్టం నివేదిక కోసం తిప్పడం విధానం అనిపించుకోదు.

కూలి చెల్లింపు ఆలస్యం కూడా ఆరోగ్యం పద్దులోకే వస్తుందని చాలామంది గుర్తించరు. పదిహేను రోజులు దాటితే రోజుకు 0.05 శాతం చొప్పున పరిహారం ఇవ్వాలన్నది పాత నియమం. కూలి చేతికి రాని వారాల్లో మందులు ఆగిపోతాయి, పప్పు తగ్గుతుంది, వడ్డీకి తెచ్చిన డబ్బు పెరుగుతుంది. షుగరు, బీపీ మందులు వాడే కూలీల ఇళ్లలో అడిగితే ఈ సంబంధం వెంటనే తెలుస్తుంది.

తనిఖీ, డబ్బు, తేదీలు

సామాజిక తనిఖీలో ఈ రెండు రాష్ట్రాలది దేశానికి దారి చూపిన చరిత్ర. తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి హాజరు, కూలి సరిచూస్తుంది. అదే సందర్భంలో మరికొన్ని ప్రశ్నలు చేర్చాలి: నీళ్లు ఎవరు మోశారు, ఆమె కూలి గుంపు కొలతలోంచి పోయిందా, విశ్రాంతి తీసుకున్న వారం కూలి ఎంత పడింది, తేలిక పని చీటీ ఉన్నా పని దొరకనివారు ఎవరు, గాయపడినవారికి దినభత్యం ముట్టిందా. నీడ ఉందా లేదా అని అడిగితే ఉంది అన్న జవాబే వస్తుంది, కాబట్టి అలా అడగకూడదు. గ్రామసభలో చదివే నివేదికలో ఈ జవాబులకు వేరే పేజీ ఉండాలి.

ఖర్చు ఏ పద్దు నుంచి పెట్టాలో ఉత్తర్వులో లేకపోతే పైవన్నీ మంచి మాటలుగానే ఉంటాయి. నీరు, పందిరి, చాటు, ప్రథమ చికిత్స పెట్టె ప్రతి పని అంచనాలో ఒక విడి పంక్తిగా ఉండాలి, మొత్తం పరిపాలనా ఖర్చులో కలిపేయకూడదు. కొత్త చట్టం కింద మన రెండు రాష్ట్రాలు 40 శాతం వాటా భరించాలి కనుక, కేంద్రం అనుమతి కోసం చూస్తున్నామన్న జవాబు మునుపటంత బలంగా నిలవదు. తగ్గించిన పరిమాణం వల్ల ఒక్కో ఘనపు మీటరు మట్టికి ఖర్చు పెరుగుతుందని ఆర్థిక శాఖ తప్పకుండా అభ్యంతరం చెబుతుంది. ఆ అభ్యంతరం నిజమే. ఈ పథకం మట్టి కొనడానికి పెట్టింది కాదన్నది దానికి జవాబు, ఆ జవాబును ఫైలు మీద ముందే రాసి ఉంచడం మంచిది.

తేదీల విషయంలో ఆలస్యం పనికిరాదు. తేలిక పనుల జాబితా అక్టోబరు 2 గ్రామసభకు సిద్ధం కావాలి. నేలల వారీ కొలతల పరిశీలన జనవరిలోపు ముగియాలి. కూలీల ఆరోగ్య పరీక్షలు, మేట్ల శిక్షణ, టార్పాలిన్ల పంపిణీ ఫిబ్రవరిలో పూర్తి కావాలి. వేసవి తగ్గింపు గడి సాఫ్ట్‌వేర్‌లో పనిచేస్తున్నదో లేదో ఒక నమూనా మస్టరుతో ఆ నెలలోనే సరిచూడాలి, ఎందుకంటే మార్చి మొదటి మస్టరు మూసిన తర్వాత తప్పు దిద్దడానికి రాష్ట్ర రాజధాని దాకా ఫైలు నడిపించవలసి వస్తుంది.